చిన్న ప్రాజెక్టులు అనేకం, చూసే కళ్లు అనేకం: టాస్క్ యాప్‌లో పనుల అమరిక, పంచుకోవడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు చిన్న ప్రాజెక్టు అంటే ఏమిటో చెప్పగలుగుతారు. ఒకే తరహా ప్రాజెక్టులు అనేకం ఉన్నప్పుడు వాటిని యాప్‌లో విడివిడిగా పెట్టాలా, ఒకచోట కలిపి పెట్టాలా అన్నది నిర్ణయించగలుగుతారు. ఏ పనిని ఎవరికి, ఎంతవరకు చూపించాలో ఆలోచించి పంచుకోగలుగుతారు.

పరిచయం

బందరు ఓడరేవు నిర్మాణం ఒక పెద్ద ప్రాజెక్టు. అలాంటి దానికి ప్రత్యేక కార్యాలయం, ఇంజనీర్లు, ప్రణాళికలు తయారుచేసే సాఫ్ట్‌వేరు, నివేదికలు రాసే సిబ్బంది ఉంటారు. నిర్వహణ శాస్త్ర గ్రంథాలు ఎక్కువగా ఇలాంటి ప్రాజెక్టుల గురించే చెబుతాయి. కాని మనలో చాలామందికి ఎదురయ్యే చిక్కు వేరు. పెడనలో కలంకారీ అద్దకం యూనిట్ నడిపే వ్యక్తి చేతిలో ఒకేసారి పాతిక ఆర్డర్లు ఉండవచ్చు. గుడివాడ వైపు నీటి సంఘం అధ్యక్షుడి ముందు వేసవి ముగిసేలోగా చేయించవలసిన చిన్న మరమ్మతులు ఇరవై ఉండవచ్చు. నాగాయలంకలో స్వచ్ఛంద సంస్థ కార్యకర్త పది ఊళ్లలో తుపాను సన్నాహాలు చూడవలసి రావచ్చు. వీటిలో ఏ ఒక్కటీ పెద్దది కాదు. కాని వాటిలో ఒక్కటి మరిచిపోతే కలిగే నష్టం చిన్నదిగా ఉండదు.

ఇన్నాళ్లూ ఇవన్నీ ఒక మనిషి తలలోనో, చొక్కా జేబులోని చిన్న నోటు పుస్తకంలోనో ఉండేవి. ఇప్పుడు చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లో ఉంటున్నాయి. గ్రూపులో ఉదయం చెప్పిన పని సాయంత్రానికి శుభాకాంక్షల కిందికి జారిపోతుంది. టాస్క్ మేనేజ్‌మెంట్ యాప్‌ల అవసరం ఇక్కడే వస్తుంది. ట్రెల్లో, ఆసానా, టుడూయిస్ట్, మైక్రోసాఫ్ట్ టు డూ వంటివి ఈ కోవకు చెందినవి. వీటిలో ఏది మంచిదన్న చర్చ ఈ పాఠంలో లేదు. యాప్‌ల ధరలు, హద్దులు, బొత్తాల స్థానాలు ఏటేటా మారుతుంటాయి. ఏ యాప్‌లోనైనా ముందుగా తేల్చుకోవలసిన రెండు ప్రశ్నలు మాత్రం మారవు: ఏది ఒక ప్రాజెక్టు? దాన్ని ఎవరు చూడాలి?

ప్రాజెక్టు, పని, మెట్టు

అమెరికన్ రచయిత డేవిడ్ అలెన్ 2001లో ప్రచురించిన తన ప్రసిద్ధ గ్రంథంలో ప్రాజెక్టుకు చాలా విశాలమైన నిర్వచనం ఇచ్చాడు. ఒకటి కంటే ఎక్కువ చర్యలు అవసరమయ్యే ఏ ఫలితమైనా ఆయన దృష్టిలో ప్రాజెక్టే. ఈ లెక్కన తూముకు షట్టరు మార్పించడం ప్రాజెక్టు, యాభై దుప్పట్ల ఆర్డరు ప్రాజెక్టు, ఇంట్లో పెళ్లి సరేసరి. ఈ నిర్వచనం వల్ల మేలు ఏమిటంటే, ‘ఇది చిన్నదే కదా, గుర్తుంటుందిలే’ అని పక్కన పెట్టినవి కూడా లెక్కలోకి వస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, ఈ లెక్కన మనలో ప్రతి ఒక్కరికీ కొన్ని డజన్ల ప్రాజెక్టులు తేలతాయి. ఒక్కొక్కదానికి యాప్‌లో ఒక్కొక్క ‘ప్రాజెక్టు’ తెరిచామంటే వారం తిరగకుండానే ఆ యాప్ తెరవడం మానేస్తాం.

కాబట్టి మూడు మాటలను విడదీసి వాడుకుందాం. పూర్తయిందని వేలు పెట్టి చూపించగలిగిన ఫలితం ప్రాజెక్టు. ఆ ఫలితం కోసం ఒక మనిషి చేయవలసినది పని. ఒకే తరహా ప్రాజెక్టులన్నీ వరుసగా దాటివెళ్లే దశ మెట్టు. ‘కాలువ బాగుచేయించాలి’ అన్నది ప్రాజెక్టు కాదు, కోరిక. ‘ఫలానా తూము షట్టరు పైకీ కిందికీ తిరగాలి’ అన్నది ప్రాజెక్టు. ‘వెల్డరుకు కొలతలు ఇచ్చి రావాలి’ అన్నది పని. ‘అంచనా తయారైంది, మంజూరు రావలసి ఉంది’ అన్నది మెట్టు. యాప్‌లో పేరు రాసేముందు ఇది ఎప్పుడు అయిపోయినట్టు అని అడగండి. జవాబు రాకపోతే పేరు మార్చండి.

పెడన ఉదాహరణ: పాతిక ఆర్డర్లు, ఒకే దారి

మచిలీపట్నం పేరుతో ప్రసిద్ధమైన కలంకారీలో చెక్క అచ్చులతో అద్దకం చేస్తారు. శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో గీస్తారు. ఈ తేడా మీకు తెలిసే ఉంటుంది. అచ్చు పద్ధతిలో ప్రతి తానూ దాదాపు ఒకే దారిన నడుస్తుంది. ముందు గుడ్డకున్న గంజి పోయేలా ఉతుకుతారు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవంతో నల్ల గీతలు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట పటిక ద్రావణం అద్దుతారు. కొన్ని రోజులు ఆరనిచ్చి పారే నీటిలో ఉతుకుతారు. ఆ తరువాత రాగి పాత్రలో రంగుతో ఉడకబెడతారు. పటిక పడినచోట ఎరుపు పట్టుకుంటుంది. పసుపు, నీలం వంటివి ఆపైన వస్తాయి.

ఈ యూనిట్‌లో పాతిక ఆర్డర్లు ఉన్నాయనుకుందాం. యాప్‌లో వీటిని అమర్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఒక్కో ఆర్డరుకు ఒక్కో బోర్డు తెరిచి, అందులో ఉతుకు, అద్దకం, ఉడకబెట్టడం అంటూ పనులు రాయడం. రెండవది, ఒకే బోర్డు మీద మెట్లను నిలువు వరుసలుగా పెట్టి, ఒక్కో ఆర్డరును ఒక్కో కార్డుగా రాసి, మెట్టు దాటినప్పుడల్లా కార్డును పక్క వరుసలోకి జరపడం.

కొత్తగా యాప్ వాడేవారు ఎక్కువగా మొదటి దారి పడతారు. ‘ప్రాజెక్టు’ అన్న బొత్తాం కనబడుతుంది కాబట్టి ప్రాజెక్టు సృష్టిస్తారు. ఇలాంటి చోట రెండవదే సరైనదని నా అభిప్రాయం. యజమాని ఉదయాన్నే తెలుసుకోవలసింది ‘పదిహేడో ఆర్డరులో ఎన్ని పనులు మిగిలాయి’ అని కాదు, ‘ఈ రోజు పొయ్యి మీదికి ఏ తానులు వెళ్లాలి’ అని. మొదటి పద్ధతిలో ఆ జవాబు కోసం పాతిక బోర్డులు తెరవాలి. రెండవ పద్ధతిలో ‘ఉడకబెట్టడం’ వరుస పైనుంచి కిందికి చదివితే చాలు.

ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లోని టొయోటా కర్మాగారాలలో తైచీ ఓనో అనే ఇంజనీరు, విడిభాగాలు ఎప్పుడు ఎన్ని కావాలో తెలిపేందుకు చిన్న కార్డులు వాడే పద్ధతిని అభివృద్ధి చేశాడు. దాని పేరు కాన్‌బాన్. జపాన్ భాషలో ఆ మాటకు సూచిక పలక అని అర్థం. తరువాతి కాలంలో సాఫ్ట్‌వేరు రంగం ఈ ఆలోచనను అందిపుచ్చుకుంది. 2011లో వచ్చిన ట్రెల్లో వంటి యాప్‌లు దాన్ని అందరి ఫోన్లలోకీ తెచ్చాయి. కార్డు జరపడం చూడటానికి ఆటలా ఉంటుంది. దాని అసలు ఉపయోగం మాత్రం ఏ వరుసలో కార్డులు పేరుకుపోతున్నాయో కంటికి కనబడటం. యూనిట్‌లో ఉడకబెట్టే పాత్ర ఒక్కటే ఉంటే ఆ వరుసలో ఎనిమిది కార్డులు నిలిచిపోతాయి. అప్పుడు అద్దకపు బల్ల దగ్గర ఇంకో మనిషిని పెట్టినా ఆర్డర్లు తొందరగా పూర్తికావు. పాతిక బోర్డులలో చెల్లాచెదురుగా ఉంటే ఈ సంగతి యజమానికి తెలియదు. ‘పనివాళ్లు చాలడం లేదు’ అనుకుంటాడు.

పేరుకుపోవడానికి పాత్ర మాత్రమే కారణం కానక్కరలేదు. పటిక ఎక్కువైనచోట అది చుట్టుపక్కల అంటకుండా కొట్టుకుపోవాలంటే పారే నీరు కావాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే ‘ఉతుకు’ వరుస నిండిపోతుంది. కాబట్టి గడువు తేదీ రాసేటప్పుడు కొనుగోలుదారు అడిగిన తేదీ ఒక్కటే రాస్తే చాలదు, కాలువ ఎప్పటివరకు పారుతుందో కూడా చూసుకోవాలి. అనుభవం ఉన్న యజమానికి ఇది చెప్పనక్కరలేదు. ఆయన ఊళ్లో లేనప్పుడు ఆర్డర్లు తీసుకునే కొడుక్కో కోడలికో ఇది బోర్డు మీద కనబడాలి.

కార్డు మీద ఏం రాయాలి? ఆర్డరు పేరు, తానుల సంఖ్య, వాడవలసిన అచ్చు ఫొటో, అప్పగించే తేదీ, ప్రస్తుతం ఎవరి చేతిలో ఉందో ఆ ఒక్కరి పేరు. ‘ఒక్కరి’ అన్న మాట గమనించండి. ఇద్దరి పేర్లు రాస్తే ఒకరు చూస్తారులే అని మరొకరు ఊరుకుంటారు. చీర, దుప్పటి, పరదా గుడ్డ అన్న రకాలకు, ఎగుమతి ఆర్డరా, స్థానిక దుకాణం ఆర్డరా అన్నదానికి లేబుళ్లు చాలు. వాటికోసం మళ్లీ బోర్డులు తెరవనక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
మీ ఊళ్లో ఒకే దారిన నడిచే చిన్న ప్రాజెక్టులు ఉన్న వృత్తి ఒకటి ఎంచుకోండి. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల తయారీ కావచ్చు, దర్జీ దుకాణం కావచ్చు, మీసేవా కేంద్రం కావచ్చు. దాని మెట్లను ఐదారు వరుసలుగా రాయండి. ఏ వరుసలో కార్డులు పేరుకుంటాయని మీ అంచనా? ఎందుకు?

కాలువ పనులు: పంచుకోవడంలోని చిక్కు

పెడన ఉదాహరణలో చూసేవారు కొద్దిమంది, పైగా ఒకే కప్పు కింద ఉన్నవారు. చూసేవారు వేర్వేరు చోట్ల, వేర్వేరు హోదాల్లో ఉంటే అమరిక మారిపోతుంది. దీనికి కృష్ణా డెల్టా కాలువల కంటే మంచి ఉదాహరణ దొరకదు.

విజయవాడ దగ్గర 1850ల్లో కట్టిన ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. తూర్పు వైపు ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మొదలైన వాటి ద్వారా నీరు గుడివాడ, బందరు ప్రాంతాలకు వస్తుంది. పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదీ పాయను దాటి దివిసీమకు చేరుతుంది. దివిసీమ, బందరు తీర భూములు వరుసలో చివరివి. శివారు ఆయకట్టుకు నీరు సమయానికి అందకపోతే నారుమడి ఎండడమే కాదు, సముద్రం వైపునుంచి మురుగు కాలువల్లోకి ఉప్పునీరు ఎగదన్ని నేల చౌడుబారుతుంది. ఎగువన ఒక తూము దగ్గర మిగిలిపోయిన పని, దిగువన ఒక రైతు సార్వా పంటను ఆలస్యం చేస్తుంది. ఆ రైతు ఆ తూమును ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే మరమ్మతులు చేయాలి. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు రావడం మొదలైన తరువాత జూన్‌లోనే నీరు వదిలే అవకాశం పెరిగింది. రైతుకు ఇది వరమే. మరమ్మతులు చేయించేవారికి మాత్రం రోజులు తగ్గాయి. 1997లో చేసిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం ప్రకారం ఈ చిన్న పనులలో నీటి వినియోగదారుల సంఘాలకు పాత్ర ఉంది. సంఘానికి అధ్యక్షుడు, ప్రాదేశిక నియోజకవర్గాల సభ్యులు ఉంటారు. వాడుకలో వీరిని టీసీ సభ్యులంటారు. సాంకేతిక బాధ్యత జలవనరుల శాఖ ఇంజనీర్లది. కాలువ గట్టు మీద తిరిగే లస్కరుకు అందరికంటే ఎక్కువ తెలుస్తుంది. కాని అతని మాట కాగితం మీదికి ఎక్కేది తక్కువ.

ఊహకు ఒక సంఘాన్ని తీసుకుందాం. ఇరవై పనులు: ఆరుచోట్ల పూడికతీత, ఐదు తూములకు షట్టర్లు, రెండు కల్వర్టులు, గట్టుకు గండి పడే ప్రమాదం ఉన్న మూడుచోట్ల బలపరచడం, మిగిలినవి డ్రెయిన్లలో గుర్రపుడెక్క, తూడు తొలగించడం. అన్నీ ఒకే మెట్లు దాటుతాయి: పరిశీలన, అంచనా, మంజూరు, పని జరుగుతోంది, ఎం-బుక్‌లో కొలతలు, బిల్లు. పెడన సూత్రం ప్రకారం ఒకే బోర్డు, ఇరవై కార్డులు సరిపోవాలి. సరిపోతుంది కూడా, ఆ బోర్డును అధ్యక్షుడు ఒక్కడే చూసేటట్లయితే.

కాని చూడవలసినవారు పలువురు. కాంట్రాక్టరు తన పనులు మాత్రమే చూడాలి. పక్క కాంట్రాక్టరు అంచనా మొత్తం అతనికి తెలియనక్కరలేదు. ఇంజనీరు అన్నీ చూడాలి. లస్కరు ఫొటో పెట్టగలగాలి, గడువు మార్చగలగనక్కరలేదు. దిగువ సంఘం వారు మీ పనుల్లో తమ నీటికి అడ్డుపడే మూడింటిని మాత్రం చూడగలగాలి. రైతులకు ఏది పూర్తయింది, ఏది కాలేదు అన్నది తెలిస్తే చాలు.

ఇక్కడ ఈ పాఠంలోని ముఖ్యమైన సూత్రం చెప్పుకోవాలి. యాప్‌లో కొత్త బోర్డు తెరవవలసింది పని రకం మారినప్పుడు కాదు, చూసేవారు మారినప్పుడు. దాదాపు అన్ని యాప్‌లలోనూ అనుమతులు బోర్డుకో ప్రాజెక్టుకో మొత్తంగా ఇవ్వబడతాయి. ఒక బోర్డుకు మనిషిని చేర్చామంటే అందులోని కార్డులన్నీ అతనికి కనబడతాయి. కాబట్టి పూడికతీతకు ఒక బోర్డు, షట్టర్లకు ఒక బోర్డు అన్న విభజన చూడటానికి చక్కగా ఉన్నా ఉపయోగం లేదు, ఆ రెండింటినీ చూసేది అదే మనుషులు. పని రకానికి లేబుల్ చాలు. అంచనా మొత్తాలు, బిల్లులు ఉన్న బోర్డు వేరు. అందులో అధ్యక్షుడు, లెక్కలు చూసేవారు మాత్రమే ఉంటారు. పని ఎంతవరకు వచ్చిందో చూపే బోర్డు వేరు. అందులో టీసీ సభ్యులు, లస్కరు, ఇంజనీరు ఉంటారు. రైతుల కోసం మూడవ బోర్డు అవసరం లేదు. రెండవదానికి మార్పులు చేయడానికి వీలులేని, చూడటానికి మాత్రమే పనికివచ్చే లింకు ఇచ్చే సదుపాయం ఉంటే అది వాడండి. లేకపోతే వారానికి ఒకసారి తెర ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. యాప్ ఉంది కదా అని అందరినీ యాప్‌లోకి లాగనవసరం లేదు.

రెండు బోర్డులు పెడితే ఒకే పనికి రెండు కార్డులు వస్తాయి కదా అని మీరు అడగవచ్చు. వస్తాయి. వాటిని కలిపేందుకు ప్రతి పనికీ ఒక సంఖ్య ఇచ్చి రెండుచోట్లా అదే రాయాలి. ఒక కార్డులో రెండవదాని లింకు పెట్టుకోవచ్చు. పని ఎంతవరకు వచ్చిందన్నది మాత్రం ఒక్క బోర్డు మీదే రాయాలి. రెండుచోట్లా రాస్తే పది రోజుల్లో రెండూ రెండు రకాలుగా చెబుతాయి.

ఇక ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనుల సంగతి. డ్రెయిన్‌లో ఎగువన నరికిన గుర్రపుడెక్కను గట్టెక్కించకుండా వదిలేస్తే అది కొట్టుకువచ్చి దిగువ కల్వర్టు దగ్గర అడ్డుపడుతుంది. దిగువవాళ్లు అప్పటికే శుభ్రం చేయించి ఉంటే ఆ ఖర్చంతా వృథా. కొన్ని యాప్‌లలో ‘ఇది పూర్తయ్యేదాకా అది మొదలుకాకూడదు’ అని గుర్తు పెట్టే సదుపాయం ఉంటుంది. లేనివాటిలో కార్డు పేరు ముందే రాయవచ్చు: ‘12 – కల్వర్టు శుభ్రం (9 అయ్యాక)’. కార్డులను మండలాల వారీగా కాకుండా కాలువ కిలోమీటరు క్రమంలో, పైనుంచి కిందికి పేర్చుకుంటే ఈ ఆధారం దానంతట అదే కనబడుతుంది. నీరు మండలం సరిహద్దు చూసుకుని పారదు.

కార్డు కింద వ్యాఖ్యలు రాసుకునే చోటు ఉంటుంది. దాన్ని చాలామంది వాడరు, ఫోన్ చేసి చెప్పేస్తారు. ఫోన్‌లో చెప్పిన మాట ఇద్దరికే తెలుస్తుంది. ఉదాహరణకు ఒక తూము కార్డు కింద ఇలా ఉండవచ్చు:

లస్కరు: ‘అయ్యా, షట్టరు వచ్చిందండి. కాని గాడిలో దిగడం లేదండి, అర అంగుళం వెడల్పు ఎక్కువుంది. ఫొటో పెట్టాను.’
టీసీ సభ్యుడు: ‘చూశాను. వెల్డరును రేపు పొద్దున్నే పంపిస్తా, నువ్వు గట్టు మీద ఉండు.’
ఇంజనీరు: ‘గాడి చెక్కవద్దు, షట్టరే కోయించండి. శుక్రవారం వచ్చి చూస్తాను.’

ఇది మూడు నిమిషాల మాట. కాని శుక్రవారం వచ్చిన ఇంజనీరుకు, ఆ మరునాడు అడిగే అధ్యక్షుడికి, బిల్లు రాసేవారికి మళ్లీ మొదటినుంచి చెప్పవలసిన పని తప్పింది. లస్కరు ‘అర అంగుళం’ అన్న మాట అతని పేరుతోనే నిలిచింది. పంచుకోవడం వల్ల కలిగే లాభాల్లో దీన్ని నేను ముందు వరుసలో పెడతాను.

పంచుకోకూడనివి కూడా ఉన్నాయి. రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు కార్డుల మీద రాయకండి. లింకు ఉన్న ఎవరైనా చూడగలిగేలా బోర్డును తెరిచి ఉంచితే ఆ లింకు ఎన్ని ఫోన్లకు వెళుతుందో మీ చేతిలో ఉండదు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఊళ్లో ఒకరి ఖాతా నంబరు పదిమందికి తెలియడం మంచిది కాదని చెప్పనక్కరలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
పై ఉదాహరణలో దిగువ సంఘం వారికి మీ సంఘం పనుల్లో మూడింటిని మాత్రమే చూపాలి. ఏయే మార్గాలున్నాయి? ఒక్కొక్కదానిలోని ఇబ్బంది ఏమిటి?

దివిసీమ: నమూనా ఒకటి, ఊళ్లు పది

1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన దివిసీమలో వేలమందిని బలితీసుకున్నాయి. తరువాత అనేక స్వచ్ఛంద సంస్థలు అక్కడికి వచ్చి ఊళ్లను దత్తత తీసుకుని ఇళ్లు కట్టించాయి. ఇళ్లన్నీ ఒకరు, బావులన్నీ ఒకరు, బడులన్నీ ఒకరు అని పని రకాన్ని బట్టి పంచుకోకుండా, ఊరిని ఒక యూనిట్‌గా తీసుకోవడంలోని సౌలభ్యాన్ని గమనించండి. ఊళ్లో ఏది మిగిలిపోయినా అడగడానికి ఒక చిరునామా ఉంటుంది. పైన చెప్పుకున్న సూత్రానికి ఇది దగ్గరి చుట్టం: బాధ్యత ఎక్కడ చీలుతుందో ప్రాజెక్టూ అక్కడే చీలాలి.

ఇప్పుడు తుపాను హెచ్చరికలు ముందుగానే వస్తున్నాయి. 2013 నవంబరులో హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర, 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటాయి. ఏటా ఆ కాలంలో చేయవలసిన సన్నాహాలు చాలావరకు అవే: ఆశ్రయ కేంద్రం తాళాలు ఎవరి దగ్గరున్నాయి, జనరేటరు నడుస్తోందా, గర్భిణులు, వృద్ధుల జాబితా సరిచూశారా, వేటకు వెళ్లిన పడవలు తిరిగివచ్చాయా. ఇలా మళ్లీ మళ్లీ వచ్చే ప్రాజెక్టుకు యాప్‌లో ఒక నమూనా కార్డు తయారుచేసి, ఊరికి ఒకటి చొప్పున నకలు తీసుకోవాలి. పది ఊళ్లకు పది కార్డులు పది నిమిషాల్లో సిద్ధమవుతాయి. ప్రతి ఊరికీ దాని మెలిక కలపడం మాత్రం మరవకండి. ఒక ఊళ్లో రేవు దాటవలసి ఉంటుంది, మరొక ఊళ్లో కరకట్ట బలహీనంగా ఉంటుంది. నమూనాను అలాగే వదిలేసి అన్ని గళ్లలోనూ టిక్కు పెట్టిన జాబితా, జాబితా లేకపోవడం కంటే ప్రమాదకరం. తుపాను వెళ్లిపోయాక ఏది పనికిరాలేదో, ఏది లేక ఇబ్బంది పడ్డామో నమూనాలోనే సరిదిద్దాలి, ఆ ఏడాది కార్డులో కాదు.

ఇంకొక సంగతి. గాలి మొదలయ్యాక కరెంటు పోతుంది, సెల్ టవర్లు ఆగిపోతాయి. యాప్ పనిచేయదని ముందే అనుకోవాలి. హెచ్చరిక వచ్చిన రోజే ప్రతి ఊరి కార్డునూ ముద్రించి ఆ ఊరి బాధ్యుడి చేతికివ్వాలి. ఆ రెండు రోజులూ కాగితమే అసలుది. వాతావరణం తెరిపిచ్చాక కాగితం మీది టిక్కులు చూసి ఎవరో ఒకరు యాప్‌లోకి ఎక్కించాలి. ఆ ‘ఎవరో’ ఎవరో ముందే రాసుకోవాలి. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే సదుపాయం కొన్ని యాప్‌లలో ఉంది. కాని ఇద్దరు ఒకే కార్డును నెట్ లేనప్పుడు వేర్వేరుగా మారిస్తే, నెట్ వచ్చాక ఏ మార్పు నిలుస్తుందో చెప్పలేం. అలాంటి సమయంలో దాని మీద ఆధారపడకపోవడమే మేలు.

నిర్వహణ: వారానికి ఒక గంట, చివర్లో అప్పగింత

బోర్డు ఎంత బాగా అమర్చినా వారానికి ఒకసారి కూర్చుని చూసేవారు లేకపోతే నెలలో అది అబద్ధమవుతుంది. ఆ కూర్చోవడంలో మూడు పనులుంటాయి: వారం రోజులుగా కదలని కార్డులు ఎందుకు కదలలేదో అడగడం, పూర్తయినవాటిని తీసి భద్రపరచడం, పేరు లేని కార్డుకు పేరు పెట్టడం. పూర్తయిన కార్డులను తొలగించకండి. దాదాపు ప్రతి యాప్‌లో ‘ఆర్కైవ్’ అన్న సదుపాయం ఉంది. కార్డు కళ్లముందు లేకుండా పోతుంది, వెతికితే దొరుకుతుంది. నిరుడు ఏ తూముకు ఎంత వెడల్పు షట్టరు చేయించామన్న ప్రశ్న ఈ ఏడాది తప్పకుండా వస్తుంది.

అన్నింటికంటే ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది బోర్డు యాజమాన్యం. చదువుకున్న కుర్రాడు ఒకడు తన ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, అందరినీ చేర్చి, రెండేళ్లు బాగా నడిపిస్తాడు. తరువాత హైదరాబాదులో ఉద్యోగం వస్తుంది. పాస్‌వర్డు మరిచిపోతాడు, లేదా ఆ ఈమెయిల్ వాడటం మానేస్తాడు. బోర్డు అతనిది కాబట్టి కొత్తవారిని చేర్చడానికి, పాతవారిని తీసివేయడానికి ఎవరికీ అధికారం ఉండదు. 2024 డిసెంబరులో రాష్ట్రంలో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగి కొత్త కార్యవర్గాలు వచ్చాయి. అలాంటప్పుడు పాతవారి నుంచి కొత్తవారికి చేరవలసిన వాటిలో ఎం-బుక్కులు, తీర్మానాల పుస్తకంతోపాటు ఇలాంటి బోర్డు ఉంటే అదీ ఒకటి.

కాబట్టి సంఘం పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి, దానితోనే యాప్ ఖాతా సృష్టించండి. కనీసం ఇద్దరికి నిర్వాహక హోదా ఇవ్వండి, వారిలో ఒకరు పదవితో సంబంధం లేని వ్యక్తి అయితే మంచిది. ఉచిత ఖాతాలలో బోర్డుల సంఖ్యకు, సభ్యుల సంఖ్యకు హద్దులుంటాయి. ఆ హద్దులు ఎంతో మొదలుపెట్టేనాడే చూసుకోండి, నలభై కార్డులు ఎక్కించాక కాదు. ఏడాదికి ఒకసారి, కాలువకు నీరు వదిలిన వారంలో, బోర్డు మొత్తాన్ని ఫైలుగా దించుకుని సంఘం కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. పనిలేని సభ్యులను ఆ రోజే తొలగించండి. కాంట్రాక్టరు బిల్లు అందుకున్న తరువాత కూడా మీ బోర్డులో ఉండటానికి కారణం లేదు.

ఆచరణాత్మక అభ్యాసం

మీకు తెలిసిన ఒక సంఘం లేదా యూనిట్‌ను ఎంచుకోండి. అక్కడ ప్రస్తుతం నడుస్తున్న చిన్న ప్రాజెక్టులను ఒక కాగితం మీద రాయండి. ప్రతి దాని ఎదుట దాన్ని చూడవలసినవారి పేర్లకు బదులు వారి పాత్రలు రాయండి: యజమాని, అద్దకం పనివారు, కొనుగోలుదారు వంటివి. ఒకే పాత్రల సమూహం ఉన్న ప్రాజెక్టులను ఒకే రంగు గీతతో కలపండి. ఎన్ని రంగులు వచ్చాయో అన్ని బోర్డులు అవసరం. మూడు కంటే ఎక్కువ వస్తే, నిజంగా చూడవలసినవారినే రాశారా, చూస్తే బాగుండుననుకున్నవారిని కూడా రాశారా అని మరొకసారి పరిశీలించి, ఆ తరువాతే యాప్ తెరవండి.